నవ్వు ఎటు దిక్కు పోవాలె? సురవరం బతుకు చెప్పే ముచ్చట

1921 నవంబర్. హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్ల సంఘ సంస్కరణ సభ నడుస్తున్నది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఉర్దూల మాట్లాడినోళ్లు మాట్లాడిండ్రు, ఇంగ్లిష్ల మాట్లాడినోళ్లు మాట్లాడిండ్రు, మరాఠీల మాట్లాడినోళ్లు మాట్లాడిండ్రు. అందరి మాటా సభ ఇన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల నోరు తెరిసిండు. అంతే, సభంత గోల. చప్పట్లు కొట్టి, నవ్వి, ఎగతాళి చేసి ఆయన్ను కూసోబెట్టిండ్రు.

ఆ రాష్ట్రంల సగం మంది మాట్లాడే భాష తెలుగు. ఆ భాషల మాట్లాడుడే నవ్వులాట అయింది. ఆ రాత్రే మాడపాటి హన్మంతరావు, బూర్గుల రామకృష్ణారావు అసొంటోళ్లు ఒక ఇంట్ల కూడి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నరు. అవమానం నుంచి సంఘం పుట్టిన ముచ్చట మీరు పోటీ పరీక్షల పుస్తకాలల్ల చదివే ఉంటరు. నేను చెప్పబోయేది సంఘం ముచ్చట కాదు, ఆ నవ్వు ముచ్చట. ఆ నవ్వును పట్టుకొని, తిప్పి, పైనోళ్ల దిక్కే పంపిన ఒక పాలమూరు మనిషి ముచ్చట. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి.

సురవరం పేరు ఎరుకలేనోళ్లు మన దిక్కు తక్కువే. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టిండ్రు. కానీ పేరు గోడకెక్కినంక మనిషి మరుగున పడుడు మనకు మామూలే. దండ ఏస్తం, ఫోటో దిగుతం, స్టేటస్ పెడుతం, ఇగ మర్సిపోతం. జర ఆగి ఆయన బతుకు చూద్దాం.

1896 మే 28న పుట్టిండు. పుట్టింది బోరవెల్లిల, సొంతూరు ఇటిక్యాలపాడు. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్ల, అప్పుడు గద్వాల సంస్థానం దాపున. కూడు గుడ్డకు కరువు లేని రెడ్ల ఇల్లు. చిన్నప్పుడు తుంగభద్ర దాటి కర్నూల్ల చదివిండు. ఎనకసిరి హైదరాబాద్ నిజాం కాలేజీ, ఆ పైన మద్రాసుల బీఏ, వకీలు చదువు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లిష్ అన్నీ పట్టిండు. ఏ లెక్కన చూసినా ఆయన కిందోళ్ల మనిషి కాదు. ఆ పెద్దల దర్వాజలు ఆయనకు తెరిసే ఉన్నయి. ఈ సంగతి యాది పెట్టుకోండ్రి, మల్ల అక్కరకొస్తది.

ఆయన పుట్టిన దిక్కు ఎసొంటి దిక్కు? గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు – పాలమూరంత సంస్థానాలే. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే ఉండె. పండితులు దూర దూరాలకెళ్లి వచ్చి రాజును పొగుడుతరు, రాజు శాలువ కప్పుతడు, సాలుకింత అని వార్షికం ఇస్తడు. ఆ పద్యాలల్ల విద్వత్తు లేదని నేను అనను. కానీ చేతిల కలం ఉన్నోడు పెద్దింటి ముంగట నిలబడితే నోట్లెకెళ్లి పొగడ్తనే ఎల్లాలె అనేది అక్కడి రివాజు. శాలువ కప్పినోని మీద ఎట్ల నవ్వుతవు?

ఇగ పట్నం సంగతి. ఆ కాలం హైదరాబాద్ల పెద్దరికానికి మెట్లు ఉండె. ఒక మెట్టు జంగ్, దాని మీద దౌలా, దాని మీద ముల్క్, ఆ పైన ఉమ్రా, జాహ్. నిజాం ఇచ్చే బిరుదులు ఇవి. బిరుదు కోసం ఎదురుచూసేటోళ్లు, ఉన్న బిరుదు పెరగాలని తిరిగేటోళ్లు. దర్బారుకు పోతే నజరానా పెట్టాలె, చేతిరుమాలు మీద అష్రఫీ పెట్టి వంగాలె. షేర్వానీ గుండీలు ఎట్ల పెట్టాలె, సలాం ఎన్నిసార్లు కొట్టాలె, ఎవరి ముంగట ఎంత వంగాలె – అన్నిటికీ లెక్క ఉండె. 1937ల టైమ్ పత్రిక అట్ట మీద ఏడో నిజాం బొమ్మ ఏసి, లోకంల అందరికన్న ధనవంతుడని రాసిండ్రు.

అదే రాజ్యంల, అదే కాలంల, మన నల్లగొండ పల్లెలల్ల వెట్టి నడుస్తున్నది. దొర బండి ముంగట ఉరికేది వెట్టి. గడిల నీళ్లు మోసేది వెట్టి. చెప్పులు కుట్టిచ్చేది, కుండలు ఇచ్చేది, బట్టలు ఉతికేది అన్నీ వెట్టే. సూర్యాపేట దిక్కు ఒక్క దేశ్‌ముఖ్ కిందనే లక్షన్నర ఎకరాలని చరిత్ర రాసినోళ్లు చెప్పిండ్రు. పట్నంల అత్తరు వాసన, పల్లెల చెమట వాసన. రెండిటికీ నడుమ తాడు ఉన్నది. ఈడ పిండిందే ఆడ అత్తరయింది.

ఆ తాడును చూపెట్టాలంటే పత్రిక కావాలె. అప్పటికే 1922ల నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చిండు. అదే ఏడు ఓరుగల్లు దిక్కు ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు అన్నదమ్ములు తెనుగు పత్రిక తెచ్చిండ్రు. అవి ఎక్కువ కాలం నడవలేదు. సురవరం వకీలు పని పక్కకు పెట్టి, 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టిండు. వారానికి రెండుసార్లు వచ్చేది. రాసుడు ఆయనే, దిద్దుడు ఆయనే, ప్రూఫులు చూసుడు ఆయనే, జమాఖర్చు చూసుడూ ఆయనే. ఒక్క పేరు మీద అంత రాస్తే బాగుండదని చిత్రగుప్త అని, విశ్వామిత్ర అని పేర్లు మార్చి రాసిండు. చిత్రగుప్తుడంటే ఎవలు? పెద్దోడు చిన్నోడు అని చూడకుంట అందరి పాపాల చిట్టా రాసేటోడు. ఆ పేరు ఎంచుకున్నప్పుడే ఆయన మనసుల ఏమున్నదో తెలుస్తది.

ఆయన నవ్వు గట్టిగ ఇనబడేది మొగలాయి కథలల్ల. అండ్ల ఒక కథ పేరు గ్యారా కద్దూ బారా కొత్వాల్. హైదరాబాద్ల సామెత లెక్క నలిగిన మాట. అర్థం సీదా ఉన్నది: సొరకాయలు పదకొండు, కొత్వాల్లు పన్నెండు మంది. ఒక్కొక్కడు ఒక్కొక్క కాయ తీసుకపోతే పన్నెండోవానికి ఏం మిగిలింది? అమ్ముకుందామని తెచ్చినోనికి ఏం మిగిలింది? పరిపాలన మీద వంద పేజీల నివేదిక రాసినా ఈ నాలుగు మాటలంత సూటిగ తాకదు. మన మండలాఫీసు కాడ పాస్‌బుక్కు కోసం తిరిగిన రైతు ఎవలనన్న అడుగుండ్రి, పన్నెండో కొత్వాల్ ఎవలో ఎంటనే చెప్తడు.

ఇండ్ల ఇంకో ముచ్చట ఉన్నది. సురవరం హైదరాబాద్ల రెడ్డి హాస్టల్ కార్యదర్శిగ పని చేసిండు. ఆ హాస్టల్‌కు పెద్ద దిక్కు రాజబహదూర్ వెంకటరామారెడ్డి. ఆయన ఎవలనుకున్నరు? హైదరాబాద్ కొత్వాల్. వనపర్తి సంస్థానం మనిషి, సురవరానికి కావల్సిన మనిషి, మంచి పనులు చేసిన మనిషి. గసొంటి కొత్వాల్ అండల తిరిగిన మనిషే కొత్వాల్ల మీద కథ రాసిండు. మనిషి మీద రాయలే, కుర్చీ మీద రాసిండు. ఈ తేడా తెలుసుకునుడే వ్యంగ్యం నేర్చుకునుడు.

ఈడ జర దూరం పోదాం. పెద్దింటోళ్ల సోకుల మీద నవ్వుడు మన పట్నంల మాత్రమే నడిచింది కాదు. సురవరానికి రెండొందల ఏండ్ల ముంగట లండన్ల ఒక కవి ఇదే పని చేసిండు. అలెగ్జాండర్ పోప్. 1688ల పుట్టిండు. కాథలిక్ మతం ఇంట్ల పుట్టినందుకు ఆ దేశం చట్టాలు ఆయన్ను యూనివర్సిటీకి రానియ్యలే. చిన్నతనంలనే ఎన్నెముక రోగం వచ్చి గూని అయిండు, ఎత్తు నాలుగున్నర అడుగులే. ఇంట్లనే సొంతంగ చదువుకున్నడు.

ఆ కాలంల ఒక లార్డు, పెద్దింటి పిల్ల వెంట్రుకల కుచ్చును చెప్పకుంట కత్తిరించిండు. ఆ మాట మీద రెండు ఖాందాన్లకు పంచాయితీ పడ్డది. జర నవ్వించి కలుపమని ఒక దోస్తు పోప్‌ను అడిగిండు. పోప్ 1712ల ఒక కావ్యం రాసిండు, 1714ల దాన్ని ఇంకా పెంచిండు. అండ్ల చేసిన ఉపాయం ఏందంటే, మహాభారత యుద్ధం చెప్పే గొంతుతోని వెంట్రుకల ముచ్చట చెప్పుడు. ఆమె అద్దం ముంగట పౌడరు పూసుకునుడు అంటే వీరుడు కవచం తొడుగుడు. పేకాట అంటే రణరంగం. కాఫీ కాసుడు అంటే యాగం. చదివేటోడు నవ్వుకుంట పోతుంటే నడుమ ఒక చురుకు పెడుతడు: బువ్వ యాళ అయితున్నదని జడ్జీలు గబగబ ఉరిశిక్షల మీద సంతకం పెట్టేస్తరట. నవ్వు అక్కడ గొంతుల అడ్డం పడుతది. వెంట్రుక తెగితే లోకం మునిగినట్టు ఏడ్చే ఊళ్లెనే, పేదోని మెడ తెగితే అడిగేటోడు లేడు.

ఆ కవి ఇంత ధైర్యం ఎట్ల చేసిండు? గ్రీకు మహాకావ్యం ఇలియడ్‌ను ఇంగ్లిష్ల రాసి, ముందే చందాలు కట్టిచ్చుకొని అమ్మిండు. 1715 నుంచి 1720 దాక ఆరు భాగాలు వచ్చినయి. ఆ పైసలతోని ఇల్లు చేసుకున్నడు. లార్డులు ఆయన చందాదారులయిండ్రు గని యజమానులు కాలేదు. శాలువకు, చందాకు అదే తేడా. శాలువ ఒక్కడు కప్పుతడు, ఆ ఒక్కని ముంగట వంగాలె. చందా వందల మంది కడుతరు, అందరి ముంగట వంగుడు కుదరదు, ఎవల ముంగటా వంగనక్కర లేదు.

మల్ల మన సురవరం తాన్కి వద్దాం. పోప్ లెక్క ఆయన పద్యంల యుద్ధం చేయలే, పత్రికల చేసిండు. కానీ ఇద్దరూ ఆ పెద్దల నడుమనే మెలిగిండ్రు, వాళ్ల మర్యాదలన్నీ లోపట్నుంచి చూసిండ్రు. ఇద్దరికీ చదివేటోళ్లే ఆసర అయిండ్రు. సంస్థానం శాలువల నడుమ పుట్టిన మనిషి చందాల తొవ్వ పట్టుడు చిన్న సంగతి కాదు.

నిజాం సర్కారుకు గోలకొండ పత్రిక కంట్ల నలుసయింది. సంపాదకీయాల మీద ఆంక్షలు పెట్టిండ్రు. సురవరం ఏం చేసిండు? పత్రిక బంద్ పెట్టలే, ఏడ్వలే, లొంగలే. సంపాదకీయం ఉండాల్సిన జాగల లోకంల పేరున్న మేధావుల సూక్తులు ఏరి అచ్చేసిండు. ఎవలో దూరదేశం పెద్దమనిషి ఎప్పుడో న్యాయం గురించి చెప్పిన మాట. దాన్ని తప్పుపట్టాలంటే సర్కారు తానే అన్యాయమని ఒప్పుకోవాలె. చదివేటోనికి తెలుసు ఆ మాట ఎవల మీద ఏసిందో. నోరు మూస్తే ముఖంతోని నవ్వుడంటే ఇదే.

నవ్వుకు నవ్వే జవాబు కాదని గూడ ఆయనకు ఎరుకే. నిజాం రాష్ట్రంల తెలుగు కవులు లేరని ఒక పండితుడు తీసిపారేసిండు. 1921ల సభల నవ్వినోళ్లు ఎవలో, ఈ మాట అన్నోళ్లు ఎవలో గని, ఎగతాళి మాత్రం ఒక్కటే. సురవరం తిట్టలే. ఊర్లకు కబురు పంపిండు, పద్యాలు తెప్పిచ్చిండు, కవుల వివరాలు కూడబెట్టిండు. 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. అండ్ల 354 మంది కవులు. లెక్క ముంగట పెట్టి ఊకున్నడు. తీసిపారేసినోనికి అంతకన్న పెద్ద చెంపదెబ్బ ఏమున్నది?

ఇప్పుడు ఫోన్ల ఎవలన్న మన యాసను ఎక్కిరిస్తే మనమేం చేస్తున్నం? కామెంట్ల కింద అమ్మా అక్కా తిట్లు రాస్తున్నం. ఆయన తిట్టుకు బదులు 354 పేర్లు తెచ్చిండు. మనం ఒక్క ఊరి చరిత్రన్న రాసినమా?

1930ల జోగిపేటల నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సభ అయితే, దానికి అధ్యక్షుడు సురవరమే. సభ పెట్టాలంటేనే సర్కారు ఇజాజత్ కావాలనే గస్తీ నిషాన్ 53 నడిచిన కాలం అది. తొమ్మిదేండ్ల కింద తెలుగుల నోరు తెరిస్తే నవ్విన రాజ్యంలనే తెలుగుల మహాసభ నడిచింది. నవ్వు దిశ మారుడు అట్ల మొదలయింది.

ఆయన అన్నిటికన్న పెద్ద పని 1949ల వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజులు ఎవల మీద దండెత్తిండ్రు, ఎంతమంది రాణులను చేసుకున్నరు అనేది కాదు అండ్ల ఉన్నది. జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏం ఆటలాడిండ్రు, ఏ దేవతలను కొలిసిండ్రు అనేది ఉన్నది. ఆ వివరాలు ఏడికెళ్లి తెచ్చిండు? రాజును పొగిడిన కావ్యాలల్ల జనం అంతగ కనబడరు. అందుకే పాల్కురికి సోమన కాడికి పోయిండు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి అసొంటి పుస్తకాలల్ల ఎతికిండు. వీటిల చాలమటుకు పండితులు జర ముక్కు చిట్లించి చూసిన పుస్తకాలు. బజారు, కల్లు, కోడిపందెం, సంత, తగువు, పరాచికం – అవి అన్నీ అండ్లనే ఉన్నయి. పెద్దోళ్లను చూసి నవ్విన పుస్తకాలల్లనే చిన్నోళ్ల బతుకు భద్రంగ దాగి ఉన్నది. ఈ సంగతి పట్టుకున్నందుకే ఆ పుస్తకం నిలబడ్డది. 1955ల తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడెమీ అవార్డు దానికే వచ్చింది. అప్పటికి ఆయన లేడు. 1952ల వనపర్తి నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగ గెలిసి, ఏడాది తిరిగినంక 1953 ఆగస్టు 25న కన్నుమూసిండు. 57 ఏండ్లే.

పొగడ్తల మీద నవ్విన మనిషి గురించి ఉత్త పొగడ్త రాస్తే తప్పయితది, అందుకే ఇంకో రెండు మాటలు.

మొదటిది. నల్లగొండల దున్నేటోళ్లు గుత్పలు, బందూకులు పట్టి దొరలను గడీలకెళ్లి ఎల్లగొట్టిన రోజులల్ల సురవరం ఆ తొవ్వల లేడు. ఆయన చదువుకున్నోళ్ల నడుమ మనిషి. ఆయన పత్రిక చదవగలిగినోళ్లు అప్పట్ల ఎక్కువగ భూమి ఉన్నోళ్లు, వకీళ్లు, పంతుళ్లు. వెట్టి చేసే మనిషికి అక్షరమే రాదు. ఆయన నవ్వు గడి గోడకు చీలిక పెట్టింది, గోడ కూలగొట్టింది మాత్రం సంఘమోళ్ల చేతులు. రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాసిపెట్టుడు న్యాయం కాదు.

రెండోది జర జాగ్రత్తగ ఇనాల్సింది. మొగలాయి అనే మాట చూసి, ఇవి ఒక మతం మీద రాసిన కథలని వాట్సాప్ల తిప్పేటోళ్లు రేపు రావచ్చు. అది తప్పుడు చదువు. ఉర్దూ, ఫారసీ మనసు పెట్టి నేర్చుకున్న మనిషి ఆయన. ఆయన నవ్విన నవ్వు దర్బారు రివాజుల మీద, అధికారం మీద. పదకొండు సొరకాయల లెక్క టాంగా తోలే ముస్లింకూ అంతే, కాయగూరలు అమ్మే హిందువుకూ అంతే. గడిల కూసున్న మన దేశ్‌ముఖ్‌లు ఏ మతమోళ్లు? పన్నెండో కొత్వాల్‌కు మతం లేదు, ఆకలే ఉన్నది.

ఇగ మన కాలం. జంగ్, దౌలా బిరుదులు పోయినయి. వాటి జాగల ఫాలోవర్ల లెక్క వచ్చింది. పెండ్లికి ముంగట షూటింగు, పెండ్లిల డ్రోను, పెండ్లి అయినంక అప్పు. ఎకరం అమ్మి పట్నం ఫంక్షన్ హాల్ల పెండ్లి చేసే ఇండ్లు మన ఊర్లల్ల లేవా? పుట్టినరోజుకు లీడర్ల ఫ్లెక్సీలు కట్టే పిలగాండ్లు మనోళ్లు కాదా? ఎనకట నజరానా పెట్టి వంగినోళ్లను చూసి సురవరం నవ్విండు. ఫ్లెక్సీ కింద చిన్న ఫోటోల నిలబడ్డ మనల్ని చూస్తే నవ్వడా?

ఇంకొక కష్టం ఏందంటే, ఇప్పుడు నవ్వు కిందికే పోతున్నది. రీల్స్‌ల ఎవల మీద నవ్వుతున్నరు? ఇంగ్లిష్ తప్పు మాట్లాడిన పనిమనిషి మీద. మాల్‌కు వచ్చి ఎస్కలేటర్ ఎక్కనీకె భయపడ్డ ముసలవ్వ మీద. మన అవ్వ మీద మనమే నవ్వి, దానికి లైకు కొట్టి, పదిమందికి పంపుతున్నం. 1921ల వివేకవర్ధినిల నవ్విన సభకూ మనకూ తేడా ఏమున్నది? ఆ సభల మనం కూసున్నది ఆలంపల్లి దిక్కా, చప్పట్లు కొట్టినోళ్ల దిక్కా?

తమ్మీ, చెల్లె, మీ చేతిల ఫోనుంది. సురవరానికి వారానికి రెండుసార్లే అచ్చు, మీకు రోజంత అచ్చు. ఆయన బతుకు నుంచి నాకు తోచిన మూడు మాటలు చెప్పి ముగిస్త. నవ్వేముంగట నీ బువ్వ ఎవల చేతిల ఉన్నదో చూసుకో. లీడరు పైసలతోని నడిపే పేజీల లీడరు మీద నవ్వలేవు. నవ్వేముంగట లెక్క తెలుసుకో. 354 పేర్లు చేతిల లేకుంటే నీది నవ్వు కాదు, తిట్టు. నవ్వేముంగట మొదలు నీ ఇంటి దిక్కు చూడు; ఆయన తన దగ్గరోళ్లు కూసున్న కుర్చీల మీద నవ్వినంకనే మిగిలినోళ్ల మీద నవ్వే హక్కు సంపాయించిండు.

పదకొండు కాయలు ఇంకా బజార్లనే ఉన్నయి. పన్నెండో మనిషి ఇంకా వస్తనే ఉన్నడు. వాన్ని చూసి ముందు గట్టిగ నవ్వుండ్రి. నవ్వినోనికి భయం సగం పోతది. ఆ మిగిలిన సగం పోవాలంటే మాత్రం, ఆ రాత్రి వాళ్లు కూసున్నట్టు, ఒక ఇంట్ల పదిమంది కూసోవాలె.